దొరసాని వెండి సామాను

వేంపల్లె నాగలక్ష్మమ్మ గారి ఇంట్లో ఆ వెండి డబ్బీలో వక్కపొడి పోసుకునేవారు. అడుగున చిన్న సింహం ముద్ర. మూత మీద మెలికలు తిరిగిన రెండు ఇంగ్లీషు అక్షరాలు. చూడగానే లేవి ఆ అక్షరాల మీద వేలు పెట్టాడు.

“ఇదే తల్లీ. నాలుగోది. ఇంగ అన్నీ దొరికినట్లే.”

“ఎన్నేండ్లాయ లేవీ, ఎతకబట్టి?”

“ఇరవై ఐదేండ్లమ్మా.”

ఆమె వక్కపొడి పళ్లెంలోకి ఒంపి, డబ్బీ అతని చేతిలో పెట్టింది. “తీసుకపో. నాకు ఇంగో డబ్బీ దొరక్కపోదులే.”

1921లో కడపలో ఒక దొర బంగళాలో లేవి వంటవాడు. అతని భార్య రాహేలమ్మ ఆయా. దొరసాని అలంకరించుకునే బల్ల మీద నాలుగు వెండి సామాన్లు ఉండేవి. చేతి అద్దం, తల బ్రష్షు, దువ్వెన, పౌడరు డబ్బీ. ఒకరోజు నాలుగూ మాయమయ్యాయి.

రోజూ ఆ బల్ల తుడిచే చేయి రాహేలమ్మది. పోలీసులు అడిగితే ఆమె ఔననలేదు, కాదనలేదు. ఏడాది జైలు పడింది.

అప్పటికి కూతురు రత్నమణికి సన్నిపాత జ్వరం. మద్రాసు నుంచి మందులు తెప్పించి, లేవి ఒక్కడే బిడ్డను బతికించుకున్నాడు.

రాహేలమ్మ తిరిగొచ్చింది. మొదటి ఆదివారమే, దొంగకు ప్రభు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేది లేదన్నారు సంఘం పెద్దలు. అప్పటినుంచి ఆమె చర్చి గడప బయట, చెప్పుల పక్కన కూర్చునే ప్రార్థన చేసుకుంటోంది.

లేవి వెతుకులాట ఆ ఆదివారమే మొదలైంది. ముందు ప్రొద్దుటూరులో ఒక వెండి అంగడికి పోయాడు. అంగడాయన అతణ్ణి ఎగాదిగా చూసి, మారుమాట లేకుండా అద్దం తీసి ఇచ్చాడు. మిగతావి ఎవరెవరు కొన్నారో చెప్పాడు. అవి చేతులు మారుతూ ఊళ్లు పట్టిపోయాయి. బ్రష్షు ఆలూరులో ఒక కంసాలి దగ్గర నగలు తోముతూ కనబడింది. కర్నూలులో దొరికిన దువ్వెన కోసం రెండు పంటకార్లు శెనక్కాయ చేలల్లో కూలి చేశాడు.

“వీనికి దొరల సొమ్ము పిచ్చి పట్టిందప్పా” అన్నారు కొందరు. “కాదు, పెండ్లాం మీది నింద మాపాలని తిరుగుతాండాడు” అన్నారు మరికొందరు.

డబ్బీతో అతను ఇల్లు చేరేసరికి రాహేలమ్మ మంచంలోనే ఉంది. మూడు రోజులుగా గంజి కూడా గొంతు దిగడం లేదు. నాలుగింటినీ ముగ్గుపిండితో తోమి, ఆమె పక్కన పేర్చాడు.

“అన్నీ దొరికినాయి రాహేలూ. రేపు ఆదివారం. సంఘం ముందర ఇవి పెడతా. దొంగ పేరు చెప్తా. నిన్ను ఎత్తుకపోయి లోపల కూర్చోబెడతా.”

ఆమె వేళ్లు అద్దాన్ని తడిమాయి. మొహం చూసుకోలేదు. బోర్లించింది.

“ఎవురి పేరూ వద్దు మామా.”

“ఎందుకే? నీ మీది మచ్చ పోవద్దా?”

ఆమె అతని చేయి పట్టుకుంది.

“మూట చంకన పెట్టుకొని నువ్వు బంగళా గోడ దూకింది చూసినదాన్ని నేనొక్కదాన్నే కదా మామా, అది నాతోనే పోనీ.”