తొమ్మిది సెకన్లు

ఆసుపత్రికీ అవయవదాన కేంద్రానికీ మధ్య నడిచే ఎక్స్ఎంఎల్ కంప్యూటర్ సందేశాల బరువు తగ్గించడానికి అతనికి ఏడు నెలలు పట్టింది. జానెడు ప్రశ్నకు బారెడు ట్యాగులు! అక్కర్లేనివన్నీ పీకేశాడు. తొమ్మిది సెకన్లు ఫోన్ తెర మీద చక్రం తిరిగాక వచ్చే జవాబు ఇప్పుడు అర సెకనులో వస్తోంది.

డయాలసిస్ కుర్చీలో ఉన్న భార్యకు ఫోన్ అందించాడు. "నొక్కి చూడు. రెప్ప వేసేలోపు వచ్చేస్తుంది."

నాలుగేళ్ళుగా రోజూ నొక్కే బటనే. ఎప్పటిలాగే నొక్కి, అతని చేతి కోసం చెయ్యి చాచింది. అందేలోపే జవాబొచ్చింది: సరిపడే కిడ్నీ లేదు.

"చూశావా, ఎంత స్పీడో!" అనేసి నాలుక్కరుచుకున్నాడు.

ఆమె మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే.

"ఏమండీ, ఇదివరకు ఆ చక్రం తిరిగినంతసేపూ ఉందేమో అనిపించేది," అంది. "మళ్ళీ మునుపటిలాగే చేసెయ్యరూ?"