కుర్చీ ఎక్కని సయామా

"ఇదెక్కడి గోల! సయామా కుర్చీ ఎక్కనంటోంది," అంటూ మ్యా సాన్ వసారాలోకి పరుగెత్తుకొచ్చింది. "మిగతా టీచర్లంతా వేదిక మీద బుద్ధిగా కూర్చున్నారు. ఈవిడేమో కింద చాప మీద చతికిలబడింది. నువ్వొచ్చి చెప్పు బాన్యా, నీ మాటైతే వింటుంది."

మొహింగా నూడుల్స్ వడ్డన చూస్తున్న బాన్యా గరిటె పక్కన పెట్టాడు.

"నా మాటెందుకు వింటుంది?"

"చిన్నప్పుడు నువ్వంటే ఆవిడకి ప్రాణం కదా. మాకు బెత్తం దెబ్బలు, నీకు బుజ్జగింపులు! మర్చిపోయావా?"

బాన్యా మర్చిపోలేదు. మర్చిపోగలిగితే బాగుండునని చాలాసార్లు అనుకున్నాడు.

ఏటా చలికాలంలో పాత విద్యార్థులంతా చేరి, చదువు చెప్పినవాళ్లను పైన కూర్చోబెట్టి, మోకాళ్ల మీద వంగి మొక్కడం యాంగోన్‌లో ప్రతి బడికీ ఉన్న ఆనవాయితీ. ఈ బడికి మాత్రం ఇదే ఆఖరు. వాగు పక్క పేటంతా ఇప్పటికే అద్దాల మేడలైపోయింది. వచ్చే నెలలో ఈ టేకు కట్టడాన్నీ కూల్చేస్తారు. అరవై దగ్గరపడ్డ మనుషులు పొద్దుటి నుంచీ బల్లల మీద తాము చెక్కిన పేర్లు వెతుక్కుంటూ, కిటికీ పక్క చోటు ఎవరిదో తేల్చుకోలేక పోట్లాడుకుంటున్నారు.

ఇక్కడ టీచరమ్మని సయామా అంటారు. సయామా ఖిన్ ఓన్ ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదు. ఓ ఏడు మోకాళ్ల నొప్పులంది, ఓ ఏడు జలుబంది. ఈసారి మ్యా సాన్ ఇంటికెళ్లి పిలిస్తే, "బాన్యా వస్తున్నాడా?" అని అడిగి, సరేనంది.

ఆ మాట విన్న రోజు బాన్యాకి నిద్ర పట్టలేదు. నలభై ఆరేళ్లుగా గొంతులో ఇరుక్కున్నదాన్ని కక్కేయడానికి ఇదొక్కటే అవకాశం.

హాల్లో సయామా గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. బాగా చిక్కిపోయింది.

"పైకి రండి సయామా. మీరు కింద కూర్చుంటే మాకు పాపం," అన్నాడు బాన్యా.

"నాకిక్కడే బాగుంది నాయనా."

"చూశావా అణకువ!" మ్యా సాన్ మురిసిపోయింది. "మిగతా టీచర్లందర్నీ కొండలకీ దీవులకీ బదిలీ చేసి పారేశారు. సయామా ఒక్కర్తే ఇరవై ఏళ్లు ఈ గుమ్మం దాటలేదు. ఏ జన్మలో చేసుకున్న పుణ్యమో మనది!"

సయామా తల దించుకుని టీ కప్పు దూరంగా జరిపింది.

"అదిగో, మైక్రోస్కోప్ గది!" మ్యా సాన్ నోటికి అడ్డేముంది? "బడి మొత్తానికీ ఒక్కటే ఉండేది. చిట్ పో వెధవ దాన్ని ముక్కలు చేసి, తను కాదని ఎంత ఏడ్చాడనుకున్నావ్! బడిలోంచి పేరు కొట్టేశాక మళ్లీ ఇటు రాలేదు. ఏమయ్యాడో."

"మొన్న వానల్లో పోయాడు," అన్నాడు బాన్యా. "చివరిదాకా సైకిల్ రిక్షా తొక్కాడు."

"అయ్యో పాపం," అని మ్యా సాన్ నాలుక కరుచుకుంది.

ఆ గది తలుపు వైపు చూడాలంటే బాన్యాకి ఇప్పటికీ వణుకే. ఎనిమిదో తరగతిలో ఓ మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు, అద్దంలోంచి చీమని చూద్దామన్న సరదా. చెయ్యి జారింది. ఆ రోజు గది ఊడ్చే వంతు చిట్ పోది. బాన్యా తండ్రి అప్పట్లో పేటకి పెద్ద అధికారి. టీచర్ల బదిలీలన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. ఆయన జీపు గేటు ముందు ఆగితే టీచర్లే లేచి నిలబడేవాళ్లు. అలాంటి మనిషి చేతిలో పడితే ఒళ్లు హూనమవుతుందని బాన్యా నోరు మూసుకున్నాడు. చిట్ పో కాళ్లావేళ్లా పడుతుంటే తలొంచుకుని చూశాడు. తన పిరికితనం తనకే అసహ్యం.

గంట మోగింది. అందరూ మోకాళ్ల మీద వంగారు. మనసా వాచా కర్మణా చేసిన తప్పులు మన్నించమని ముక్తకంఠంతో అడిగారు. టీచర్లు దీవించారు. తువ్వాళ్లు, ఓవల్టీన్ డబ్బాలు పంచడం అయ్యాక ఫొటోల హడావిడి మొదలైంది.

బాన్యా మాత్రం లేవలేదు. మోకాళ్ల మీదే జరుగుతూ సయామా ముందుకి వెళ్లాడు.

"అందరితో కలిపి అడిగితే చెల్లదు సయామా. నాది వేరేది ఉంది."

"ఏమిటి నాయనా?"

"మైక్రోస్కోప్ పగలగొట్టింది చిట్ పో కాదు. నేను. ఆ రోజు నా వేలు తెగితే మీరే కట్టు కట్టారు. పెన్సిల్ చెక్కుతుంటే తెగిందని మీకు అబద్ధం చెప్పాను. మీరు అంత మంచిగా నమ్మారు. నా మూలంగా వాడి బతుకు మట్టికొట్టుకుపోయింది. వాణ్ణి అడుగుదామంటే వాడు లేడు. మిగిలింది మీరే."

సయామా కళ్లు మూసుకుంది. దీవించడానికి ఆమె చెయ్యి లేవలేదు.

"క్షమించరా, సయామా?"

"క్షమించడానికి నేనెవర్ని?"

ఆవిడ చాప మీద ముందుకి జరిగి, మోకాళ్ల మీద కూర్చుంది. చేతులు రెండూ జోడించి, తన దగ్గర చదువుకున్నవాడి ముందు నేలకి తల ఆనించింది.

"ఏమిటిది సయామా! లేవండి, ఎవరైనా చూస్తారు!" బాన్యా కంగారుగా ఆవిడ భుజాలు పట్టుకున్నాడు.

ఆవిడ తలెత్తకుండానే అంది.

"పగలగొట్టింది నువ్వేనని నాకు ఆ రోజే తెలుసు."