చిట్టెలుక చెప్పిన పథ్యం

ఒక పెరట్లో మిరియాలమ్మ అనే ముసలి పిల్లి ఉండేది. ఈమధ్య ఏం తిన్నా ఒంటపట్టక చిక్కి సగమైంది. ఇంటావిడ చేప మెదిపి గంజిలో కలిపి పెడితే, "పసికూనల తిండి నాకెందుకు?" అని మూతి తిప్పుకునేది.

"ఎముక కొరుకు వదినా, బలం వస్తుంది" అంది కుక్క. కొరకబోతే చిగుళ్ళు వాచాయి.

"ఎండుచేప తిను పిన్నీ" అంది కాకి. అది గొంతుకు అడ్డం పడి ప్రాణం పోయినంత పనైంది.

ఇక నా పనైపోయిందనుకుని మిరియాలమ్మ ఓ మూల ముడుచుకుంది.

అప్పుడు గాదె కిందనుంచి చిట్టెలుక తల బయటపెట్టి, "ఆ గంజే తాగు అత్తా" అంది.

ఆకలికి తాళలేక తాగింది. కమ్మగా దిగింది! పదిరోజులు తిరిగేసరికి ఒళ్ళు నిగనిగలాడింది, ఎగిరి గోడెక్కింది.

"అంత పెద్దవాళ్ళకి తెలియంది నీకెలా తెలిసిందే?" అని అడిగింది ఎలుకని.

"వాళ్ళు నిన్ను బయటినుంచి చూశారత్తా. నేను మూడుసార్లు నీ నోట్లోకి వెళ్ళొచ్చాను. లోపల ఒక్క పన్నూ లేదు!"

ఇన్నాళ్ళూ మూతి బిగించుకు తిరిగిన మిరియాలమ్మ, ఆ బోసినోరు పెరడంతా చూసేలా పకపకా నవ్వింది.