వాగు దగ్గర తంగేడు

గుట్ట కింది గడ్డిబీడులో తంగేడు అనే దుప్పి తన ఇద్దరు పిల్లలతో ఉండేది. ఒకరోజు అడవిలోంచి రేసుకుక్కలు వచ్చి దుప్పుల మంద మీద పడ్డాయి. తంగేడు ప్రాణభయంతో పరుగు తీసింది. పెద్దపిల్ల వెంట రాగలిగింది. చిన్నది వాగు దగ్గర వెనకబడి కుక్కల నోట పడింది.

అప్పటినుంచి తంగేడు రోజూ ఆ వాగు దగ్గరికే వెళ్ళి నిలబడేది. మేత మానేసింది. పాలు ఇంకిపోయాయి. మిగిలిన పిల్ల కుడిచి కుడిచి, ఏమీ రాక, పక్కనే చతికిలబడేది. తంగేడుకు అదీ పట్టలేదు.

మందలో పెద్దదైన ఎర్రత్త ఒక ఉదయం వచ్చి దాని పక్కన నిలబడింది.

"నేను ఒక్కసారి వెనక్కి తిరిగి చూసినా చిన్నది బతికేదేమో అత్తా," అంది తంగేడు.

"ఏమో, నాకు తెలీదమ్మా. ఆ రోజు నేనూ పరిగెత్తాను. నన్నూ ఇలాగే తిట్టుకుంటున్నావా?"

"నిన్నెందుకు తిడతాను? భయపడ్డావు కదా."

"మరి నువ్వు?"

"నేను తల్లిని."

"తల్లికి భయం వేయదా?"

తంగేడు చాలాసేపు ఏడ్చింది. ఎర్రత్త అక్కణ్ణుంచి కదల్లేదు. చివరికి, "దుఃఖాన్ని ఉండనీ. ఇప్పుడు నీ కాళ్ళ కింద ఏముందో చూడు," అంది.

కాళ్ళ కింద తడి గరిక ఉంది. తంగేడు ఒక పరక కొరికింది. చేదనిపించినా మెల్లగా నమిలి మింగి, ఇంకొకటి కొరికింది.

కొన్నాళ్ళకు పాలు మళ్ళీ చేపుకొచ్చాయి. పిల్ల ఆత్రంగా కుడుస్తూ తలతో పొదుగును పొడిచింది. చిన్నది గుర్తొచ్చి తంగేడుకు కళ్ళు నిండాయి. అయినా పిల్ల కడుపు నిండేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.