కోపానికి గడి లేదు

స్పిన్నింగ్ మిల్లులో అందరి చేతులకీ మనసు తీరు పసిగట్టే మనసు పట్టీలు కట్టి ఆరేళ్లయింది. పట్టీ పచ్చగా వెలుగుతున్నంతసేపే పని. సలోమి డిప్రెషన్‌కి తొమ్మిదేళ్లుగా మాత్రలు వేసుకుంటోంది. ఆ సంగతి దాచకుండా చెప్పే ఉద్యోగంలో చేరింది. ఆమె పనికి ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు.

ఆ సోమవారం సూపర్‌వైజర్ అందరి ముందూ, "ఇవాళ పిచ్చి మాత్రలు మింగావా, లేదా?" అని నవ్వాడు. సలోమికి ఒళ్లు మండిపోయింది. పట్టీ ఎర్రబడింది. గంటలోపే వెల్ఫేర్ ఆఫీసరు చక్రధర్ ఆమెను పిలిపించి, తెర మీద ఒక అర్జీ చూపించాడు. జబ్బు తిరగబెట్టినందువల్ల తానే సెలవు కోరుతున్నట్టు ఉంది అందులో.

"వేలిముద్ర వెయ్యమ్మా. నీ మంచికే."

"జబ్బు కాదు సార్, కోపం. అట్టా అంటే మీకు మాత్రం రాదా? అదే రాయండి."

"ఇందులో కోపానికి గడి లేదమ్మా."

"అయితే కాయితం మీద రాయండి. ఎవరన్నారో, ఏమన్నారో మొత్తం రాయండి. అందాకా నేను లేవను."

చక్రధర్ బెదిరించాడు, బతిమాలాడు. సలోమి కుర్చీ వదల్లేదు. మధ్యాహ్నం దాటాక ఎక్కడినుంచో కాగితం తెప్పించి రాశాడు. ఆమె ప్రతి వాక్యం చదివింది.

"'నొచ్చుకుంది' కాదు సార్. 'కోపం వచ్చింది' అని దిద్దండి."

దిద్ది సంతకం పెట్టాడు. ఆమె ఆ కాగితం తీసుకుని అటునుంచి అటే లేబర్ ఆఫీసుకి వెళ్లి ఫిర్యాదు ఇచ్చింది.

మరుసటి వారం, లేబర్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చాక, సూపర్‌వైజర్ అందరి ముందూ క్షమాపణ చెప్పాడు. సలోమి విన్నది. కోపం మాత్రం తగ్గలేదు.