అత్తగారి స్టేటస్ కాల్

కంప్యూటర్ ముందు కూర్చున్న కోడలు గుర్రు పెడుతోంది.

అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది. పట్టపగలు, కళ్ళజోడుతో సహా, కీబోర్డు మీద చెంప ఆనించి నిద్రపోయే మనిషిని ఆవిడ అంతవరకూ చూడలేదు. చెంప కింద ఏ మీట పడిందో ఏమో, తెర మీద ఒకటే అక్షరం చీమల బారులా పోతూనే ఉంది.

తట్టి లేపబోయేంతలో కంప్యూటర్ మోగింది. మేనేజరు.

ఆ మేనేజరు సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. రోజూ పదకొండింటికి కాల్ చేసి, ఉపోద్ఘాతం లేకుండా "స్టేటస్?" అంటాడు. కోడలు చెప్తుంది. "ఎందుకవలేదు?" అంటాడు. సాయంత్రం మళ్ళీ అదే పాట. ఏళ్ళ తరబడి అదే ప్రాజెక్టు, అదే రిపోర్టు. ఈమధ్య కోడలు నవ్వడమే మానేసింది. నిన్న రాత్రి కంచం ముందు కూర్చుని, "ఉద్యోగం మానేస్తానత్తయ్యా. మానేసి ఏం చేస్తానో కూడా తెలీదు. అసలు ఏదీ చెయ్యాలనిపించట్లేదు" అని భోరుమంది. కొడుకూ తనూ గుడ్లప్పగించి చూడ్డం తప్ప ఏమీ చెయ్యలేకపోయారు.

ఇప్పుడు లేపితే ఈ పిల్లకి మళ్ళీ నిద్ర పడుతుందా?

అత్తగారు ఇయర్‌ఫోన్లు మెల్లగా లాగి తన చెవుల్లో పెట్టుకుంది. కోడలు రోజూ నొక్కే ఆకుపచ్చ బొమ్మ మీద నొక్కింది.

"ఆఁ... స్టేటస్ చెప్పమ్మా" అంది అవతలి గొంతు, బొంగురుగా.

"అవుతోందండీ."

"పోయిన వారం... పెండింగు... టికెట్లు... ఎంతవరకు వచ్చాయి?" కూడబలుక్కుని చదువుతున్నట్టు అడిగాడు.

ఆఫీసులో ఒక్కో పనినీ టికెట్టంటారని ఆవిడకి తెలీదు, బస్సువో రైలువో అనుకుంది. "పొయ్యి మీదున్నాయండీ."

"ఎప్పటికవుతాయి?"

"మీరిలా మాటిమాటికీ మూత తీసి చూస్తుంటే ఎప్పటికి ఉడుకుతాయి?"

నోరు జారి పిల్ల ఉద్యోగం ఊడగొట్టానేమోనని ఆవిడ నాలుక్కరుచుకుంది.

"నిజమేనమ్మా" అన్నాడాయన. "ఇంతకీ టిఫిను చేశావా?"

నిద్ర లేచి సంగతి విన్న కోడలు నెత్తి బాదుకుంది. "టిఫిను చేశావా అని అడిగాడా? మా సారా? నా పెళ్ళికి సెలవడిగితే 'ఎవరిది?' అన్న మనిషత్తయ్యా ఆయన!"

మర్నాడు పదకొండు కావస్తుంటే కోడలు మాటిమాటికీ గడియారం చూస్తోంది. అత్తగారు కుర్చీ వెనక నిలబడి, "లే, వెళ్ళి పడుకో" అంది.

"మీకేమైనా పిచ్చా? దొరికిపోతాం."

"ఆయనడిగేదీ రోజూ ఒకటే, నువ్వు చెప్పేదీ ఒకటే. ఆ ముక్క నేను చెప్పలేనూ?"

కోడలు మాటవరసకి బెట్టు చేసి, వెళ్ళి పడుకుంది. లేచాక తేటగా ఉన్న బుర్రతో కూర్చుంటే, రోజంతా పట్టే పని భోజనాల వేళకే సగం అయిపోయింది.

అలా అలవాటైపోయింది. అత్తగారు ఆ వేళకి తల దువ్వుకుని, మంచినీళ్ళ గ్లాసుతో కుర్చీలో సర్దుకునేది. తలుపు వేసుంటే లోపల్నుంచి కిలకిలా నవ్వులు వినిపించేవి.

"అంతసేపు ఏం మాట్లాడుకుంటారు మీరిద్దరూ?"

"పాపం, మోకాళ్ళ నొప్పులట. కాపడం పెట్టుకోమన్నాను."

"ఆయనకి నలభై అయినా లేవు. మోకాళ్ళ నొప్పులేంటి?"

"పొద్దస్తమానం కుర్చీకి అతుక్కుపోతే రావూ మరి? రేపు నీకూ అంతే."

ఆ భయానికి కోడలు సాయంత్రాలు వీధి చివరిదాకా నడవడం మొదలుపెట్టింది. ఎదురింటావిడ పేరు అప్పుడు తెలిసింది.

ఇంకోరోజు అత్తగారు బాంబు పేల్చింది. "ఆ రిపోర్టేదో ఇక పంపకు. నేనాయనతో మాట్లాడాను."

"ఏ రిపోర్టు? నెలాఖరుదా? ఏమన్నారు?"

"అదెవరైనా చదువుతారా అనడిగాను. 'ఏమో తల్లీ, నాకూ తెలీదు' అన్నాడు. అయితే ఓసారి ఆపి చూద్దాం, ఎవరడుగుతారో అన్నాను. సరేనన్నాడు."

ఆపారు. నెల తిరిగింది. ఒక్కరూ అడగలేదు. తన శనివారాలన్నీ మింగేసిన ఆ రిపోర్టుని తలుచుకుని కోడలు ముందు కోపం తెచ్చుకుంది, తర్వాత పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటుంటే, వంటింట్లోంచి మొగుడు గరిటతో సహా పరిగెత్తుకొచ్చాడు, ఏమైందోనని.

సాయంత్రం కాల్స్ ఆగిపోయాయి. ఆదివారం మెసేజీలు ఆగిపోయాయి. ఉద్యోగం మానేస్తానన్న మాట మళ్ళీ ఆ ఇంట్లో వినపడలేదు. అంతా బాగుందనుకునేసరికి కోడలికి కొత్త బెంగ పట్టుకుంది.

"సారు ఎంత మారిపోయారో చూడండత్తయ్యా. అంత మంచి మనిషిని మోసం చేస్తున్నాం. రేపు నేనే మాట్లాడి చెప్పేస్తాను."

అత్తగారి మొహం చిన్నబోయింది. "చెప్పాల్సిందేనంటావా?"

"చెప్పాల్సిందే."

మర్నాడు కాల్ మోగింది. అత్తగారు పక్కనే స్టూలు వేసుకుని, ఒక ఇయర్‌ఫోను తన చెవిలో పెట్టుకుంది. అవతల నోరు విప్పే సందివ్వకుండా కోడలు గుక్క తిప్పుకోకుండా అందుకుంది.

"సార్, ముందు నేను చెప్పేది పూర్తిగా వినండి. ఇన్నాళ్ళూ మీతో మాట్లాడింది నేను కాదు, మా అత్తగారు. పని మాత్రం నేనే చేశాను సార్, ఒట్టు. నాకు ఒంట్లో ఓపిక, మనసులో ఓపిక రెండూ అయిపోయాయి. ఆవిడ నన్ను పడుకోబెట్టి మీ కాల్ తీసుకున్నారు. తప్పంతా నాదే. తిట్టండి, తీసేయండి, ఆవిణ్ణి మాత్రం ఏమీ అనకండి!"

చివరి మాటకి గొంతు బాగా పెద్దదైపోయింది.

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. అవతల ఎవరో లేచి తలుపు దగ్గరగా వేసిన చప్పుడు. గొంతు సవరించుకున్న చప్పుడు.

"కాస్త మెల్లగా మాట్లాడమ్మా, మీ సారు... అదే, మా అబ్బాయి నిద్రపోతున్నాడు."