కింది వాటా ఫిర్యాదు

తలుపు చప్పుడు కాగానే ఆమె చేతిలోని తాడు జారి కింద పడింది.

అయిపోయింది, కింది వాటా వాళ్లు వచ్చేశారు అనుకుంది.

కళ్లద్దాల దుకాణంలో రోజంతా కూర్చుని అద్దాలు అరగదీసే ఉద్యోగం ఆమెది. బరువు తగ్గకపోతే మందులు తప్పవని డాక్టర్ భయపెడితే గెంతే తాడు కొనుక్కుంది. ఈ ఊరొచ్చాక ఆమె తలుపు తట్టినవాళ్లంతా ఏదో ఒక ఫిర్యాదుతోనే తట్టారు. కుళాయి కారుతోందనో, చెప్పులు మెట్లకు అడ్డమనో. ఊరికే పలకరించడానికి ఒక్కరూ రాలేదు.

తీసి చూస్తే గుమ్మంలో ఓ పెద్దావిడ. మెట్లెక్కిన ఆయాసంతో రొప్పుతోంది.

ఆవిడ నోరు తెరిచేలోపే ఈమె సంజాయిషీ మొదలుపెట్టింది.

"క్షమించండి పిన్నిగారూ, కింద మీకు చప్పుడవుతోంది కదూ?"

పెద్దావిడ ఒక్క క్షణం తటపటాయించింది.

"అవునమ్మా, చప్పుడే," అంది. "మడమల మీద దిగుతున్నావు. అలాగైతే మోకాళ్లు షెడ్డుకెళ్తాయి."

లోపలికొచ్చి, తాడు మధ్యలో కాలేసి నిలబడమంది. పిడులు చంకల దాకా రావాలట. ఇవేమో చెవుల దాకా వచ్చాయి. ఇది తాడు కాదు, ఏనుగును కట్టే మోకు అంటూ రెండు కొసలా ముడులు వేసింది. ముందు ఉత్తినే గెంతమంది. మునివేళ్ల మీద, మోకాళ్లు కాస్త వంచి, వేలెడు ఎత్తు చాలంది. తిప్పాల్సింది మణికట్టుతోనే తప్ప భుజాలతో కాదంది. ఆయాసం రాగానే ఆగిపొమ్మంది.

మర్నాడు సాయంత్రం మళ్లీ వచ్చింది. చప్పుడట.

ఆపైన రోజూ చప్పుడే. తిట్టాల్సిన మనిషి తిట్టకుండా, గెంతడం చూస్తూ కూర్చుని వెళ్లేది. పెద్దావిడను రోజూ మెట్లెక్కిస్తున్నానే అని ఈమె సిగ్గుతో చచ్చిపోయేది. పేరైనా అడగలేదు. ఫిర్యాదుకొచ్చిన మనిషిని పేరడిగితే ఏం బాగుంటుంది?

చివరికి పట్టుదల వచ్చింది. దళసరి రబ్బరు చాప తెచ్చి పరిచింది. పిల్లిలా దిగడం నేర్చుకుంది.

ఆ సాయంత్రం పెద్దావిడ రాగానే గర్వంగా గెంతి చూపించింది.

"ఇక నిశ్చింతగా ఉండండి పిన్నిగారూ. మీకు నా పీడ వదిలింది."

పెద్దావిడ ఆ చాప వైపు చాలాసేపు చూసింది.

"బాగా నేర్చుకున్నావమ్మా. ఇక నేను రావాల్సిన పని లేదు."

నిజంగానే రాలేదు.

సాయంత్రాలు ఇల్లు బావురుమనసాగింది. గెంతుతున్నంతసేపూ ఆమె చెవులు తలుపు మీదే ఉండేవి. ఒకరోజు చాప చుట్టి పక్కన పడేసి, కావాలని మడమలతో దబదబా నేలను బాదింది.

ఎవరూ రాలేదు.

ఫిర్యాదు లేకుండా ఒకరి తలుపు తట్టడం ఎలాగో ఆమెకూ తెలియదు. అయినా ఓ ఆదివారం ధైర్యం చేసి కింది అంతస్తుకు దిగింది. పేరు అడగాలని, ఉండనిస్తే కాసేపు కూర్చోవాలని.

తలుపుకు తాళం.

మెట్లు ఊడుస్తున్న వాచ్‌మన్‌ను అడిగింది, రోజూ తన దగ్గరికొచ్చే పెద్దావిడ ఎక్కడికెళ్లిందని.

"ఆవిడా? మొన్ననే ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారమ్మా. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు."

"అందుకేనా ఈ తాళం?"

వాచ్‌మన్ చీపురు ఆపి ఆమె వైపు వింతగా చూశాడు.

"ఈ వాటా ఏడాదిగా ఖాళీయే కదమ్మా, ఆవిడ ఉండేది రోడ్డవతలి మేడలో, మీ కిటికీకి ఎదురుగా, ఒక్కరే."